మహానంది నీళ్లు, దిగుడుబావి నీళ్లు

మా జేజికి చాలా ఏళ్లుగా షుగరు. 2019 సంక్రాంతికి ముందు ఆమె కుడికాలి చిటికెనవేలి పక్కన ఒక పుండు లేచింది. హైదరాబాద్ నుంచి బయల్దేరే ముందు నేను ఫోన్ చేసి ఏమన్నా తేవాలా అని అడిగితే, "ఏం వద్దుగాని, మహానందికి పోయి కోనేటి నీల్లు ఒక బాటిలు పట్టుకరా అబ్బయా" అంది. నంద్యాలలో బస్సు దిగి, ఆటోలో మహానందికి పోయి, రెండు లీటర్ల బాటిలు నింపుకుని వెనక్కొచ్చి ఆళ్లగడ్డ బస్సెక్కాను. మా ఊరు ఆళ్లగడ్డ దగ్గరే.

జేజి పొద్దునా సాయంత్రం ఆ నీళ్లే పుండు మీద పోసుకుంది. అట్లా మూడు వారాలు. పుండు నల్లబడ్డాక గానీ మా నాయనకు చెప్పలేదు. నంద్యాలలో ఆపరేషన్ చేసి రెండు వేళ్లు తీసేశారు. "ఇన్ని రోజులూ ఏం చేస్తున్నారు?" అని డాక్టరు అడిగితే మా నాయన నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. బాటిలు తెచ్చింది నేనే కదా.

ఆ కోపంతో ఒక వ్యాసం మొదలుపెట్టాను. మూఢనమ్మకాల మీద మనందరికీ తెలిసిన వ్యాసమే అది, మూడు పేరాలు చకచకా వచ్చేశాయి. జేజి ఇంటికొచ్చాక ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను: నీళ్లతో పుండు మానుతుందని ఎట్లా నమ్మినావ్ జేజీ, అని. ఆమె మంచం మీద నుంచి లేవకుండానే, "మీ జేజినాయన కాలు బాగయ్యింది నేను నా కండ్లతో సూసినా రా. నువ్వు సూసినావా?" అంది.

నేను చూడలేదు. ఆ వ్యాసం అక్కడే ఆగిపోయింది. ఆమె ఏం చూసిందో తెలుసుకుందామని వెతికిన కొద్దీ వేరే కథ బయటపడింది. ఇది ఆ కథ.

*

రాయలసీమలో నీళ్లకున్నన్ని పేర్లు బహుశా వానకు కూడా లేవు. ఏటి ఇసుకలో చేత్తో తవ్వితే ఊరేది చెలమ. బండల మధ్య నిలిచేది దొన. వాన పడితే పారేది వంక. చేంతాడుతో తోడుకునేది చేదబావి. మెట్లు దిగిపోయి కడవ ముంచుకునేది దిగుడుబావి. భూమిలోంచి తనంతట తాను ఉబికి పైకొచ్చేది బుగ్గ. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడు, ఓర్వకల్లు వైపు కాల్వబుగ్గ, యాగంటిలో నంది నోటి నుంచి కోనేట్లో పడే ధార. బుగ్గ ఉన్నచోటల్లా ఒక శివుడు కనిపిస్తాడు. కరువు నేలలో, ఎవరూ తోడకుండానే ఏడాది పొడుగునా వచ్చే నీటిని దేవుడు అనకుండా ఇంకేమనుకుంటారు?

ఈ బుగ్గలన్నిటికీ పెద్దది మహానంది. నంద్యాలకు తూర్పున, నల్లమల కొండలు మైదానాన్ని తాకేచోట ఉంది. నంద్యాల చుట్టూ ఉన్న నవనందుల్లో ఇదొకటి. ఊళ్లోనే చామకాల్వ ఒడ్డున ఉన్న ప్రథమనందితో మొదలుపెట్టి, కార్తీక సోమవారం నాడు తొమ్మిదీ ఒక్కరోజులో చూసి రావడం ఇక్కడి ఆనవాయితీ. తొమ్మిది అంటే ఈ ప్రాంతానికి ఎందుకో ప్రీతి. ఉత్తరాన అలంపురంలో నవబ్రహ్మలు, దక్షిణాన అహోబిలంలో నవనారసింహులు, మధ్యలో మా నవనందులు.

మహానంది గుడి విమానం చూస్తే అలంపురం గుర్తొస్తుంది. బాదామి చాళుక్యుల కాలపు పద్ధతి అది, ఏడు ఎనిమిది శతాబ్దాల నాటిది. చుట్టూ ఉన్న గోపురాలు, మండపాలు తర్వాతి కాలాల చేర్పులు. కానీ గుడి అక్కడ కట్టడానికి కారణం రాజుకంటే పాతది. గర్భగుడి కిందనే ఊట ఉంది. ఆ నీళ్లు లోపలి ఆవరణలో ఉన్న రుద్రగుండంలోకి వస్తాయి. అక్కడి నుంచి బయట ముఖద్వారం దగ్గరున్న బ్రహ్మగుండం, విష్ణుగుండాలకు, వాటి నుంచి కాల్వల్లోకి, కాల్వల నుంచి అరటితోటల్లోకి, వరిమళ్లలోకి పోతాయి. రెండు వేల ఎకరాలకు పైగా ఈ నీళ్లతోనే పండుతుందని చెబుతారు.

స్థలకథ తెలిసిందే. నందరాజు ఆలమందలోని ఒక ఆవు పాలివ్వడం మానేసింది. ఎందుకా అని కాపలా కాస్తే, అది అడవిలో ఒక పుట్ట మీద నిలబడి పాలు ధారగా వదులుతోంది. రాజు పొదచాటు నుంచి చూడబోయేసరికి ఆవు బెదిరి పుట్టను తొక్కి పారిపోయింది. పుట్టే లింగమైంది. గిట్ట దిగిన చోట నొక్కుకుపోయిన గుర్తు లింగం మీద ఇప్పటికీ చూపిస్తారు. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు నాకు పాలు గుర్తుండిపోయాయి. ఇప్పుడు చదువుతుంటే గిట్ట దెబ్బ ఆగి చూడనిచ్చింది. ఇక్కడి దేవుడి ఒంటి మీదే గాయముంది. పుండ్లూ, తామరా, గజ్జీ పట్టుకుని జనం ఈ దేవుడి దగ్గరికి రావడంలో ఆశ్చర్యమేముంది.

*

గుడి గైడ్లు చెప్పే మూడు విషయాలున్నాయి. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున పడ్డ గుండుసూది కూడా కనిపిస్తుంది. ఏ కాలంలోనైనా మట్టం ఒకేలా ఉంటుంది. చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉంటాయి.

మూడోదానికి జవాబు సులభం. నేల లోతుల్లోంచి వచ్చే నీటి వేడి ఏడాదంతా దాదాపు ఒకటే. మారేది బయటి గాలి, దానికి అలవాటుపడ్డ మన ఒళ్లు. జనవరి తెల్లవారుజామున వెచ్చగా తగిలే నీళ్లే మే మధ్యాహ్నం చల్లగా తగులుతాయి.

రెండోదానికి జవాబు ఆ కోనేరు కట్టినవాళ్లది. రుద్రగుండం సుమారు అరవై అడుగుల చదరం. నీళ్ల లోతు దాదాపు ఐదడుగుల దగ్గర నిలబడేట్టు బయటికి పోయే తూములు అమర్చారు. వచ్చేది ఎంతయినా, ఆ మట్టం దాటినదంతా వెళ్లిపోతుంది. మన ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఉండే ఓవర్‌ఫ్లో పైపు లాంటిదే, కాకపోతే ఇక్కడ అది ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది.

మొదటిదానికి, అంటే తేటదనానికి, కారణం వెతుకుతూ ఒక లెక్క వేశాను. 60 అడుగులు ఇంటూ 60 ఇంటూ 5 అంటే 18,000 ఘనపుటడుగులు. లీటర్లలో ఐదు లక్షల పైన. ఇప్పుడు ఊట నుంచి సెకనుకు ఒక్క ఘనపుటడుగే వస్తుందనుకుందాం, అంటే ఒక్క క్యూసెక్కు. రెండు వేల ఎకరాలు తడిపే ఊటకు అది చాలా పిసినారి అంచనా. అప్పుడు కూడా 18,000 సెకన్లలో కోనేరెడు నీళ్లు వచ్చి, కోనేరెడు నీళ్లు వెళ్లిపోతాయి. 18,000 సెకన్లంటే సరిగ్గా ఐదు గంటలు.

పొద్దున ఆరింటికి మీరు మునిగిన నీళ్లు పదకొండుకల్లా దాదాపుగా అరటితోటలో ఉంటాయి. మా ఉద్యోగంలో, పాత సమాచారం మెమరీలో ఎంతసేపు ఉండనివ్వాలి అనే ప్రశ్న రోజూ వస్తుంది. ఎక్కువసేపు ఉంచితే చెడిపోతుంది. ఈ కోనేరు కట్టినవాళ్లకు ఆ సంగతి తెలుసు. నీటిని పట్టి ఉంచాలనుకోలేదు వాళ్లు, కాసేపు ఆపి పంపేశారు.

నీటి వల్ల వచ్చే జబ్బుల్ని నాలుగు రకాలుగా విడదీయవచ్చని 1972లో వచ్చిన 'డ్రాయర్స్ ఆఫ్ వాటర్' అనే పుస్తకం చూపించింది. తూర్పు ఆఫ్రికాలో జనం నీళ్లు ఎట్లా తెచ్చుకుంటారు, ఎంత వాడతారు అని చేసిన అధ్యయనమది. అందులో ఒక రకం, తాగే నీరు చెడ్డదవడం వల్ల కాకుండా ఒళ్లు కడుక్కోవడానికి చాలినంత నీరు లేకపోవడం వల్ల వచ్చే జబ్బులు. చర్మం మీది పుండ్లు, కళ్లకలకలు, గజ్జి లాంటివి. కడవ నీళ్లు మైలు దూరం నుంచి మోసుకొచ్చే పల్లెలో, ఎండాకాలం స్నానమంటే చెంబెడు నీళ్లే. అట్లాంటి మనిషి మహానందికొచ్చి, సత్రంలో దిగి, తొమ్మిది రోజులు పొద్దునా సాయంత్రం పారే నీళ్లలో మునిగితే చర్మం తేటపడదా? తేటపడుతుంది. అందుకు నీళ్లలో గంధకమో, ఇంకేదో మహిమగల ఖనిజమో ఉండాల్సిన పనిలేదు. నీళ్లుంటే చాలు, అవి కొత్తవైతే చాలు.

అయితే మా జేజినాయనది గజ్జి కాదు.

*

ఈ భాగం మా నాయన చెప్పింది. ఆయన ఆరో తరగతిలో ఉన్నప్పుడు, 1970 ప్రాంతంలో, ఒక ఎండాకాలం జేజినాయన మడమ పైన పొక్కు లేచింది. మంట, మంటంటే నిప్పు పెట్టినట్టు. రెండు రోజులకు పొక్కు చిట్లి, లోపలి నుంచి తెల్లటి దారం తల బయటపెట్టింది. నారికురుపు.

ఇప్పటివాళ్లకు ఈ మాట తెలియదు. తెలియకపోవడం మన అదృష్టం. దారంలాంటి పురుగు, అరవై సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పెరుగుతుంది. ఇంగ్లీషులో గినీ వర్మ్. దానికి మందు అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. ఉన్నది ఒకటే పద్ధతి. బయటికొచ్చిన తలను చిన్న పుల్లకు చుట్టి, రోజుకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున, తెగకుండా, వారాల తరబడి లాగడం. తెగితే లోపల చీము పట్టి కాలే పోవచ్చు. మన ఊళ్లలో ఆ పని మంగళ్లు చేసేవాళ్లు, చీపురుపుల్లతో. గ్రీకుల వైద్యదేవుడు ఆస్క్లీపియస్ చేతికర్రకు చుట్టుకున్న పాము ఒకప్పుడు ఈ పురుగే అయ్యుంటుందని కొందరి ఊహ. నిజమో కాదో గానీ, చీపురుపుల్లను చూసినవాళ్లకు ఆ ఊహ వింతగా తోచదు.

జేజినాయనను ఎద్దులబండిలో మహానందికి తీసుకుపోయారు. గుండంలో కాళ్లు పెట్టుకుని కూర్చోబెట్టారు. కాలు నీళ్లలో పడగానే మంట దిగిపోయిందట. "ఆ పొద్దు నిద్రపోయినాడు రా, వారం తర్వాత" అనేది జేజి. తొమ్మిది రోజులు అట్లా నీళ్లలో నానబెట్టి, పుల్లకు చుట్టి, నానబెట్టి, చుట్టి, మొత్తం పురుగు తెగకుండా బయటికొచ్చింది. పుండు మానింది. జేజి తన కళ్లతో చూసింది ఇదీ.

ఆమె చూసింది నిజమే. వైద్యులు ఈ రోజుకీ చేసేది అదే. నారి పట్టిన కాలును నీళ్లలో పెడితే మంట తగ్గుతుంది, పురుగు వదులవుతుంది, అప్పుడు చుట్టడం సులువు. కాకపోతే ఇప్పుడు బకెట్లో పెట్టిస్తారు, ఆ బకెట్ నీళ్లను బావులకు దూరంగా పారబోస్తారు. ఎందుకో తెలిస్తే, ఆ తొమ్మిది రోజుల కంటే, వాటికి ముందు మా జేజినాయన ఊళ్లో గడిపిన వారమే ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది.

నారి కురుపు అంత మండడం యాదృచ్ఛికం కాదు. మంట పుడితే మనిషి నీళ్ల దగ్గరికి పోతాడు. కాలు నీళ్లలో పడగానే పురుగు తన పిల్లల్ని లక్షల్లో ఆ నీళ్లలోకి వదులుతుంది. నిలవ నీళ్లలో సైక్లాప్స్ అనే, కంటికి ఆననంత చిన్న జీవి ఉంటుంది, పేనుకు నీటి చుట్టం అనుకోవచ్చు. అది ఆ పిల్లల్ని మింగుతుంది. దాని కడుపులో సుమారు రెండు వారాలు పెరిగాక అవి మనిషికి అంటుకోగలిగే దశకు వస్తాయి. ఆ నీళ్లు తాగిన మనిషి ఒంట్లో ఏడాది పాటు చడీచప్పుడు లేకుండా పెరిగి, మళ్లీ ఎండాకాలానికి కాలి దగ్గర పొక్కుగా లేస్తుంది. ఈ చక్రాన్ని 1870లో తుర్కిస్తాన్‌లో రష్యన్ శాస్త్రవేత్త అలెక్సీ ఫెద్చెంకో కనిపెట్టాడు.

ఇప్పుడు మా ఊరి దిగుడుబావిని తలుచుకోండి. మెట్లు దిగి, మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి, కడవ ముంచుతారు. కాలు మండేవాడు ఆ మెట్ల మీదే కూర్చుని కాళ్లు పెట్టుకుంటాడు. నీళ్లు ఎక్కడికీ పోవు. రెండు వారాలు కాదు, ఎండాకాలమంతా అక్కడే ఉంటాయి. మా జేజినాయన మహానందికి పోకముందు ఆ వారం రోజులూ ఏం చేశాడని మా నాయననడిగాను. ఆయన కాసేపు ఆగి, "బాయిలోనే పెట్టుకోనుండేవాడు, ఇంగేడ పెడతాడు" అన్నాడు. తర్వాతి ఎండాకాలం ఊళ్లో చాలామందికి నారి లేచిందని కూడా ఆయనకు గుర్తుంది. అమ్మవారికి ఏదో లోటు జరిగిందని జాతర చేశారట.

మంట చల్లార్చుకోవడానికి కాలు నీళ్లలో పెట్టడం అన్నది ఒక్కటే పని. అదే పని మహానందిలో వైద్యమయింది, మా ఊరి బావిలో ఊరందరికీ జబ్బయింది. పురుగుకు కావాల్సింది పద్నాలుగు రోజుల నిలవ నీళ్లు. కోనేరు దానికిచ్చేది ఐదు గంటలు. పవిత్రమైన నీరు, అపవిత్రమైన నీరు అని మనవాళ్లు గీసిన గీత ఎక్కడెక్కడ ఉందో గానీ, ఈ పురుగు విషయంలో మాత్రం ఆ గీత నీటి కదలికలో ఉంది.

*

ఇది మన ఒక్కరి కథ కాదు. మధ్య ఆసియాలో బుఖారా పట్టణమంతా హౌజులుండేవి. రాతి మెట్లున్న కొలనులు, ఫోటోల్లో చూస్తే అచ్చం మన కోనేర్లలాగే ఉంటాయి. ఊరంతా వాటి నీళ్లే తాగేది, నారి పురుగుకు బుఖారా పెట్టింది పేరు. 1920ల్లో లియోనిద్ ఇసాయెవ్ నాయకత్వంలో ఆ కొలనుల్ని ఎండగట్టి, పూడ్చి, కుళాయి నీళ్లు ఇస్తే, 1930ల మొదటికల్లా జబ్బు మాయమయింది. మందు లేకుండానే.

మన దేశంలో ఆ పని మొదలైంది 1983–84లో. అప్పటికి ఏడు రాష్ట్రాల్లో నారికురుపు ఉంది, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1984లో దేశంలో దాదాపు 40,000 కేసులు లెక్కతేలాయి. దిగుడుబావుల మెట్లు మూసి గోడ కట్టి చేదబావులుగా మార్చడం, చేతిపంపులు వేయడం, టెమిఫాస్ అనే మందు చల్లి సైక్లాప్స్‌ను చంపడం, గుడ్డతో నీళ్లు వడగట్టుకోమని ఇంటింటికీ తిరిగి చెప్పడం. ఇంతే. చివరి కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో నమోదయింది. 2000 ఫిబ్రవరిలో భారత్‌కు నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కేసులే.

మశూచి పోయిన కథ పాఠాల్లో ఉంది. ఇది లేదు. బహుశా ఇందులో హీరో లేడు కాబట్టి. బావికి మెట్లు మూయించిన మేస్త్రీ పేరు ఎవరు రాస్తారు? మా ఊరి బావి చుట్టూ ఉన్న సిమెంటు గోడ మీద కూర్చుని నేను చిన్నప్పుడు రేగ్గాయలు తిన్నాను. ఆ గోడ ఎందుకు కట్టారో నాకు ముప్పై దాటేదాకా తెలియదు.

*

మహానంది ప్రయాణంలో ఇంకో మనిషి ఉన్నాడు. బండి తోలిన ఆయన. మా చేన్లో పనిచేసేవాడు, మాదిగ గేరి. ఆయన కాలికీ ఆ ఏడు నారి ఉంది. నారికి కులం లేదు. అయితే గుండానికి ఉంది.

ఇది మా నాయన చెప్పలేదు, జేజి చెప్పింది, మామూలు సంగతిలా. "ఆయప్ప గుండంలోకి రాల్యా. కాల్వకాడ్నే కూసున్యాడు, ఆడ్నే కాలు పెట్టుకున్యాడు. ఆయప్పకూ బాగయ్యింది." వద్దని ఎవరన్నా అన్నారా అని అడిగాను. "ఎవురూ ఏమన్లే. ఆయప్పే రాలే" అంది. మద్రాసు రాష్ట్రంలో అన్ని కులాలకూ గుళ్ల తలుపులు తెరిచిన చట్టం 1947లోనే వచ్చింది, కర్నూలు జిల్లా అప్పుడు మద్రాసులోనే ఉంది. చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటినా, ఎవరూ ఏమీ అనకుండానే, ఆయన కాల్వ దగ్గర కూర్చున్నాడు. అంబేద్కర్ మహద్‌లో వేలమందితో పోయి చవదార్ చెరువు నీళ్లు తాగింది 1927లో. కారంచేడు గొడవ మొదలైంది మాదిగల మంచినీటి చెరువు దగ్గర, 1985లో. అంటే సర్కారు ఊరూరా దిగుడుబావుల మెట్లు మూయిస్తున్న కాలంలోనే. మన దగ్గర నీటి చరిత్ర రాయాలంటే, ఎవరు ఏ మెట్టు దాకా దిగనిచ్చారో రాయకుండా కుదరదు.

ఒకటి మాత్రం చెప్పాలి. గోడ దాటాక కూడా ఆ నీళ్లు అవే. గుండంలో జేజినాయన కాలికి చేసిన పనే కాల్వలో ఆయన కాలికీ చేశాయి. నీటి వైపు నుంచి చూస్తే తేడా ఏమీ లేదు. తేడా మా వైపు నుంచి ఉంది. ఈ కథ యాభై ఏళ్లు మా ఇంట్లో తిరిగినా, చెప్పిన ప్రతిసారీ బాగయింది ఒక్క జేజినాయన కాలే.

*

ఊట ఎక్కడి నుంచి వస్తుంది? నంద్యాల పేరు భూగర్భశాస్త్రం పుస్తకాల్లో చాలాచోట్ల కనిపిస్తుంది, నంద్యాల షేల్ అని. దాని పక్కనే కోయిలకుంట్ల సున్నపురాయి, పాణ్యం క్వార్ట్‌జైట్. విలియం కింగ్ అనే ఆయన 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద నివేదిక రాసినప్పటి నుంచి మా ఊళ్ల పేర్లు రాళ్లకు స్థిరపడ్డాయి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా తూర్పున గోడలా కనిపించే నల్లమల, మెలికలు తిరిగిన చాలా పాత రాళ్ల వరస. ఆ కొండల రాళ్లు మైదానం రాళ్ల మీదికి నెట్టుకొచ్చిన అంచును రుద్రవరం గీత అంటారు. రుద్రవరం ఆళ్లగడ్డ పక్కనే. నల్లమల మీద పడ్డ వాన పగుళ్లలోంచి దిగి, ఇట్లాంటి అంచుల దగ్గర బయటపడుతుంది. అదే కొండవరసలో దక్షిణాన అహోబిలం ఉంది. అక్కడ భవనాశిని పారుతుంది, హిరణ్యకశిపుణ్ణి చీల్చాక నరసింహస్వామి చేతులు కడుక్కున్నాడని చెప్పే రక్తకుండం ఉంది. శివుడైనా, నరసింహుడైనా, నీళ్లిచ్చేది అదే అడవి.

ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. బ్రిటన్‌లో, వేల్స్‌లోని హోలీవెల్ అనే ఊళ్లో సెయింట్ వినిఫ్రెడ్ బావి ఉంది. అదీ భూమిలోంచి ఉబికే బుగ్గే. ఆ కన్య తల తెగిపడ్డ చోట పుట్టిందని కథ. వందల ఏళ్లుగా రోగులు వచ్చి మునిగేవారు. దగ్గరి గనుల్లోని నీటిని బయటికి పంపడానికి ఒక సొరంగం తవ్వారు. ఆ సొరంగం 1917లో ఊట నీటినంతా తన వైపు లాగేసుకుంది. బావి ఎండిపోయింది. తర్వాత వేరేచోటి నుంచి నీళ్లు మళ్లించి మళ్లీ నింపారు. భక్తులు ఇప్పటికీ వస్తారు, కానీ అది పాత ఊట కాదు. దాన్ని ఎండగట్టాలని ఎవరూ అనుకోలేదు. బావిని కాపాడుకున్నారు గానీ బావికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టించుకోలేదు. మన చేలల్లో బోర్లు లోతుకు పోయేకొద్దీ, కొండ అంచుల్ని తవ్వేకొద్దీ, నాకు హోలీవెల్ గుర్తొస్తుంది. మహానంది మహిమ గర్భగుడిలో మొదలవదు. పైన అడవిలో వాన నేలలోకి ఇంకేచోట మొదలవుతుంది. అక్కడ ఏ అభిషేకమూ జరగదు.

*

జేజి నిరుడు పోయింది. కాలు వల్ల కాదు, వయసు వల్ల. దినాలయ్యాక దేవుడి గూడు సర్దుతుంటే వెనకాల ఆ బాటిలు దొరికింది. నేను తెచ్చిందే, అడుగున నాలుగు వేళ్ల నీళ్లు మిగిలున్నాయి. వెలుతురుకు పెట్టి చూస్తే అడుగంతా పచ్చటి పాకుడు.

చాలాసేపు దాన్ని పట్టుకుని కూర్చున్నాను. జేజి మూఢంగా నమ్మలేదు. చూసింది, చూసిందాన్నిబట్టి నమ్మింది. ఆమె పొరపాటు ఒక్కటే. పారినంతసేపే ఆ నీళ్లకుండే గుణం బాటిల్లోకి కూడా వస్తుందనుకుంది. మహానందిలో కోనేరైనవి మా ఇంట్లో రెండో రోజుకే దిగుడుబావి అయ్యాయి. అది ఆమెకు తెలిసే వీల్లేదు. ఇంజనీరింగ్ చదివిన నాకు తెలియాలి. షుగరున్న కాలి మీది పుండును ఆ రోజే డాక్టరుకు చూపించాలని కూడా నాకు తెలుసు. బాటిలు చేతికిచ్చి, కాలు చూడకుండా, సంక్రాంతి సెలవులైపోగానే బస్సెక్కి వచ్చేశాను. నేను మొదట రాయబోయిన వ్యాసంలో ఈ వాక్యం లేదు.

కార్తీకంలో నాయన, నేను మహానందికి పోయాం. ఆయన బయటి గుండంలో మునిగొచ్చాక, ఆ రోజు బండి తోలినాయన ఎక్కడ కూర్చున్నాడో చూపించమన్నాను. నాయన కొంతసేపు అటూ ఇటూ చూసి, కాల్వ గుడి గోడ దాటి వంపు తిరిగేచోటు చూపించాడు. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు. ఒక పిల్లాడు కాళ్లు నీళ్లలో పెట్టుకుని సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. నేనూ చెప్పులు విడిచి కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. నవంబరు పొద్దు, నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. నాయన నిలబడే ఉన్నాడు. కాసేపటికి ఆయనా పంచె ఎత్తిపట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.